ఉయ్యాలలో మనీప్లాంటు

పిల్లలు పెద్దవాళ్ళయిపోయాక మిగిలిన వాళ్ళ చంటితనపు సామాన్లని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకి మన చిట్కాల శీర్షికలు చెప్పే జవాబులు చదువుతూంటే నాకు ఒళ్ళు మండుకొస్తోంది. ఉయ్యాలకి తెల్లరంగు వేసి అందులో మనీప్లాంటు పెంచండి. పాలసీసాకి సిల్కు దారం చుట్టి పూలు గుచ్చండి. ప్లాస్టిక్ స్నానాల తొట్టిలో కొత్తిమీర చల్లండి. పక్కబట్టలతో సోఫా దిండ్లకి గలేబులు కుట్టండి. బాబుగారు మొట్టమొదట తొడుక్కున్న చొక్కాకి అద్దం బిగించి హాల్లో తగిలించండి. ఇవన్నీ చేశాక మిగిలిన తీరికలో ఇంటాయనకి కాఫీ కలిపి ఇవ్వండి అని మాత్రం రాయరు. అది రాయకపోయినా మనకి తెలుసని వాళ్ళ ధైర్యం!

నేనడిగేది ఒక్కటే. ఇంతకీ ఉయ్యాల ఎందుకు చేశారండీ? బిడ్డని పడుకోబెట్టడానికి. మన బిడ్డ కాళ్ళు చాపితే పట్టనంత ఎదిగాడు, సంతోషం. అంతమాత్రాన లోకంలో పిల్లలు పుట్టడం మానేశారా? సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఉయ్యాలకి కొత్త ఉపయోగం వెతకడం ఏమిటి? దాని పాత ఉపయోగమే ఇంకా తీరలేదు కదా!

బిడ్డ వస్తువు మీద మొదటి హక్కు ఇంకో బిడ్డది. ఆ తరవాత ఇంటి అవసరాలది. అన్నీ అయ్యాక, ఇంకా ఏమైనా మిగిలితే, అప్పుడు అలంకారానిది. ఈ వరసని తిరగేసి అలంకారాన్ని ముందు నిలబెట్టడాన్ని కొందరు కళ అంటున్నారు. నేను మాత్రం అన్యాయం అంటాను.

మాది పట్టిసీమ. గోదావరి మధ్యన దేవకూటం గుట్ట మీద వీరభద్రస్వామి కొలువున్న ఊరు. శివరాత్రి తీర్థానికి వచ్చి లాంచీలో గుడికెళ్ళినవాళ్ళకి ఆ గుట్ట గుర్తుంటుంది గాని, గట్టు మీద పెంకుటిళ్ళు గుర్తుండవు. ఆ ఇళ్ళల్లో ఏ వస్తువూ ఒక్క జన్మతో సరిపెట్టుకునేది కాదు. నేతచీర సంగతే చూడండి. కట్టి కట్టి కొంగు చివికాక అది దూలానికి వేలాడే జోలె అయ్యేది. దాని రెండో ముక్క పొత్తిగుడ్డలయ్యేది. పిల్లాడు నేలమీద పరిగెత్తడం మొదలెట్టాక ఆ గుడ్డలన్నీ పోగేసి బొంత కుట్టించేవాళ్ళు. బొంతకి పనికిరానివి మసిగుడ్డలు, ఆఖరికి అలుకుగుడ్డ. ఆ చీర ఎక్కడ ఆగిపోయిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక పిల్లకి పాలు చాలక కొన్న పాలపిండి డబ్బాలు మా వంటింట్లో ముప్ఫై ఏళ్ళు మెంతులూ ఆవాలూ మోశాయి. మా నలుగురినీ పెంచిన వెండి ఉగ్గుగిన్నె ఇంకా గొప్పది. తాతయ్య మంచం పట్టి గ్లాసు ఎత్తలేకపోయిన రోజుల్లో అమ్మమ్మ దాంతోనే ఆయన నోట్లో జావ పోసేది. కొమ్ముగిన్నె కాబట్టి చుక్క కింద పడేది కాదు. చూశారా, కొత్త ఉపయోగం అంటే అదీ! ఎవరూ దానికి ఫొటో తియ్యలేదు, ఎవరూ పేరు పెట్టలేదు.

అందుకని కొత్త ఉపయోగాలకి నేను శత్రువునని అనుకోకండి. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. నీళ్ళు వీధరుగు ఎక్కుతూంటే మావాళ్ళు ఉయ్యాల గొలుసుల్ని కురచచేసి దాన్ని దూలం దాకా లాగారు. అందులో బియ్యం మూట, అగ్గిపెట్టెలు, దేవుడి పటం, భూమి కాయితాలు పెట్టారు. నా పలక కూడా పెట్టమని నేను ఏడిస్తే అదీ పెట్టారు. నీళ్ళు తీశాక గొలుసులు దించి, ఉయ్యాలని కడిగి, ఎండలో పెట్టి, మళ్ళీ పిన్ని కూతుర్ని పడుకోబెట్టారు. అవసరం వస్తే ఉయ్యాల అటకవుతుంది. అవసరం తీరగానే ఉయ్యాల ఉయ్యాలవుతుంది. చెక్కకి తూట్లు పొడిచి, మట్టి నింపి, రోజూ నీళ్ళు పోస్తే మాత్రం అది ఇక జన్మలో ఉయ్యాల కాదు.

ఆ టేకు ఉయ్యాల కథ ఇంకొంచెం చెప్పాలి. అది పేరుకి మా ఇంటిది గాని, మా ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. "ఉయ్యాల ఎక్కడుందే?" అని అడిగితే, ఎవరు ఎప్పుడు పురుడు పోసుకున్నారో అమ్మమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. గూటాలలో దొడ్డమ్మ దగ్గర ఆర్నెల్లు, తాళ్ళపూడిలో అత్తయ్య రెండో కాన్పుకి, అక్కణ్ణించి పడవ మీద అవతలి ఒడ్డుకి. అది తిరిగొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కొత్త సీల వేయించి పంపేవాళ్ళు. ఓసారి గొలుసు, ఓసారి పట్టె. చివరికి మొదటి చెక్క ఎంత మిగిలిందో మా వడ్రంగికే తెలియాలి. పలకరింపులు లేని ఇద్దరు తోటికోడళ్ళు ఉయ్యాల కోసమని మాట్లాడుకున్న సందర్భం నాకు తెలుసు. "పంపించమని చెప్పు" అని గోడకి చెప్పినట్టు మొదలై, "పిల్లకి జలుబు తగ్గిందా?" దాకా వచ్చింది. అలంకరణ వస్తువు ఇలాంటి పని చెయ్యగలదా?

మరి ఆ ఉయ్యాల ఇప్పుడెక్కడుందంటారా? హైదరాబాదులో మా బంధువులమ్మాయి ఆరో అంతస్తు బాల్కనీలో ఉంది. నీలం రంగు వేశారు. అందులో మనీప్లాంటు. ఫొటో నాకూ పంపింది, పాపం, ప్రేమగానే. "పిన్నీ, మన పాత ఉయ్యాలకి కొత్త జీవితం ఇచ్చాను" అని రాసింది. సరిగ్గా ఆ నెలలోనే మా ఊళ్ళో పడవ నడిపే అతని కోడలు తొలిచూలు. మా అమ్మని వెతుక్కుంటూ వచ్చి, "ఉయ్యాల ఉంటే ఇప్పిత్తారేంటండీ, ఆర్నెల్లు ఆడుకుని అప్పజెప్పేత్తామండి" అని అడిగిందిట. అమ్మ ఏం చెప్పగలదు? మొక్క మొలిచిందని చెప్పనా అంది నాతో. ఆ పిల్లకి స్లాబు ఇల్లు. దూలం లేదు, వాసం లేదు. ఉన్న ఒక్క కొక్కేనికీ ఫాను వేలాడుతోంది. కాబట్టి చీర జోలె కట్టడానికీ వీల్లేదు. ఇనప స్టాండు ఉయ్యాల అప్పుచేసి కొన్నారు. మనీప్లాంటుకి సీసాలో గుక్కెడు నీళ్ళు చాలు కదండీ, అది ఎక్కడైనా బతుకుతుంది!

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. పాతకాలం అంతా బంగారమని నేను అనను. మా అమ్మమ్మ ఉయ్యాల ఏడూళ్ళు తిరిగింది గాని, మా పాలేరు గుమ్మం మాత్రం ఎక్కలేదు. అతని పిల్లలకి పాతచీరలు ఇచ్చింది, పాతచొక్కాలు ఇచ్చింది. ఉయ్యాల ఇవ్వలేదు. ఇస్తే తిరిగి మనింటి పిల్లల్ని అందులో పడుకోబెట్టాలి కదా, అదీ అడ్డు. అంటే వస్తువు చేతులు మారడానికి కూడా మనకి గోత్రాలూ గోడలూ ఉన్నాయన్నమాట. పడవ అతని కోడలు ధైర్యంగా వచ్చి అడిగింది చూడండి, అది ఈ కాలపు మంచి. అడిగే ధైర్యం వాళ్ళకి వచ్చేసరికి ఇచ్చే వస్తువు మన దగ్గర లేకుండాపోవడం ఈ కాలపు చెడు. పాత అలవాటుని తిరిగి తెచ్చుకుంటే గోడలు లేకుండానే తెచ్చుకోవాలి.

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని సామెత ఉందిగా అంటారు మా కోడళ్ళు. ఉంది. కాని పుట్టిన బిడ్డ విషయంలో మన పెద్దలు ఈ సామెతని పక్కన పెట్టేశారు. పురిటిబిడ్డకి మొదట కొత్తబట్ట వెయ్యరు. నాలుగేళ్ళు ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డలోనే చుడతారు. కొత్తబట్టలు బారసాలకే. దీనికి దిష్టి అనీ ఆయుష్షు అనీ ఏవేవో చెబుతారు గాని, అసలు సంగతి చేత్తో తడిమితే తెలుస్తుంది. గంజి వదలని కొత్తగుడ్డ పసి ఒంటికి గరుకు. అలాగే, బిడ్డ పుట్టకముందే సామాను కొనడం కూడా మనవాళ్ళకి నచ్చదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరిస్తారు. మరి ముందు కొనకూడదు, పుట్టగానే అన్నీ కావాలి, ఎలాగ? అడిగి తెచ్చుకోవడమే మార్గం. మన ఆచారం మొత్తం అరువు మీద నిలబడి ఉంది!

ఇప్పుడేమో ఏడో నెల రాకుండానే దుకాణాల్లో జాబితాలు. రాజమండ్రి తాడితోటలో ఒక పూట తిరిగితే నాలుగేళ్ళకి సరిపడా బట్ట దొరుకుతుంది. కాని ఆ పిల్లాడు ఆ చొక్కాల్ని తొడుక్కునేది నాలుగు నెలలు. వస్తువు ఆయుష్షుకీ అవసరం ఆయుష్షుకీ ఇంత తేడా ఉన్న సరుకు ఇంట్లో ఇంకొకటి లేదు. ఇంకొకరికి ఇవ్వడానికే పుట్టిన సరుకు ఇది. అలా ఇచ్చేస్తే వ్యాపారం సాగదు కాబట్టి, "మీ బిడ్డ ప్రత్యేకం" అని మనకి నేర్పారు.

ఈ వ్యాపారానికి పసిబిడ్డ ఎంత మెత్తటి మేతో ప్రభుత్వానికీ తెలుసు. డబ్బాపాల ప్రకటనలు చూసి తల్లులు చనుబాలు మానేస్తున్నారని ప్రపంచమంతా గొడవ జరిగి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నియమావళి తెచ్చింది. మన దేశంలో 1992లో చట్టమే చేశారు. పాలపిండికీ, పాలసీసాకీ ప్రకటన ఇవ్వకూడదు. డబ్బా మీద బోసినవ్వుల పసిబిడ్డ బొమ్మ వెయ్యకూడదు. తల్లి ప్రేమని సరుకుగా మార్చే చోట గీత గియ్యవచ్చని దీనివల్ల తేలింది. మిగతా సరుకు దగ్గర ఆ గీత చట్టం గియ్యలేదు. మనమే గీసుకోవాలి.

దూరదేశం సంగతి ఒకటి చెబుతాను. ఫిన్లాండులో 1938 నుంచి పేదతల్లులకీ, 1949 నుంచి తల్లులందరికీ సర్కారువారు ఒక అట్టపెట్టె ఇస్తున్నారు. అందులో బిడ్డకి కావలసిన బట్టలూ పక్కా ఉంటాయి. సామాను తీసేశాక ఆ పెట్టెలోనే పరుపు వేసి బిడ్డని పడుకోబెట్టవచ్చు. కలిగినవాళ్ళ బిడ్డకీ లేనివాళ్ళ బిడ్డకీ అదే పెట్టె! మన పక్కన తెలంగాణలో కూడా 2017లో కేసీఆర్ కిట్ అని సర్కారు ఆసుపత్రిలో పురుడు పోసుకున్న తల్లులకి సబ్బు, నూనె, దోమతెర, బట్టలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరి రాజకీయం వారిది, నాకు పని లేదు. బిడ్డ సామాను ఇంటింటి దర్జాకి కొలబద్ద కాదు, ఊరి బాధ్యత అని ఒప్పుకున్నారు. నాకు నచ్చింది అదీ.

నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేకపోలేదు. "జ్ఞాపకం కదండీ, ఎలా ఇచ్చేస్తాం?" అంటారు. దాచుకోండి. ఒక మొలతాడు, ఒక గిలక, ఒక చొక్కా దాచుకోండి. డబ్బాలో పట్టేంత జ్ఞాపకం చాలు. ఇల్లంతా మ్యూజియం చేస్తే రేపు కోడలు వచ్చి ఒకే రోజున పాత సామాన్ల బండికి వేసేస్తుంది. పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ బేరం మీకు తెలియంది కాదు. మీ కన్నీళ్ళకి ఆవిడ ఒక గరిటె కూడా ఎక్కువ ఇవ్వదు.

"ఇంకొకళ్ళ పిల్ల వాడినవా? రోగాలు రావూ?" అంటారు మరికొందరు. ఆసుపత్రి మంచం మీద మీకంటే ముందు ఎవరు పడుకున్నారో అడిగారా? వేణ్ణీళ్ళలో ఉడికించి, గోదావరి గట్టు ఎండలో రెండు రోజులు ఆరేస్తే గుడ్డకి వచ్చిన భయం ఏమీ లేదు.

"అన్నీ ఇవ్వచ్చా?" అంటే మాత్రం ఆగాలి. ఇవ్వకూడనివి ఉన్నాయి. వాడేసిన పాలపీక ఇవ్వకండి, పారెయ్యండి. చక్రాల మధ్య పిల్లని కూర్చోబెట్టే వాకర్లు మెట్ల మీంచి దొర్లి తలలు పగలగొట్టుకుంటున్నారని కెనడాలో 2004లో అమ్మకమే నిషేధించారు. ఒక పక్క కిందికి జారే పిల్లల మంచాల్ని అమెరికాలో 2011లో నిషేధించారు, పసివాళ్ళు ఆ సందులో ఇరుక్కుని ప్రాణాలు పోయాయని. అలాంటివి ఇంకొకరికి ఇవ్వడం దానం కాదు, అపాయాన్ని అంటగట్టడం. మన చెక్క నడకబండి వేరు. పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడి దాన్ని తోసుకుంటూ నడుస్తుంది. దాన్ని నిక్షేపంగా ఇవ్వవచ్చు, చక్రాలూ సీలలూ చూసి.

ఇక ఏ ఉపయోగానికీ పనికిరాని సరుకు ఒకటుంది, డైపరు. ఒక పూట వాడితే అయిపోయె. మట్టిలో కలవదు, ఆవు ముట్టదు, నీళ్ళలో వేస్తే బియ్యం బస్తాలా ఉబ్బుతుంది. వీటిని చుట్టి పారెయ్యడానికి కంపెనీలే సంచి ఇవ్వాలని 2016 చెత్త నిబంధనల్లో రాశారు. మా రేవులో మాత్రం సంచీ కనబడదు, డైపరే కనబడుతుంది. రాత్రి ప్రయాణానికీ, జ్వరానికీ వాడుకోండి, తల్లి నిద్ర కూడా విలువైనదే. పగలంతా ఇంట్లో ఉండే పిల్లకి మాత్రం నాలుగు పాత పంచెల గుడ్డలు చాలవూ?

ఆ గుడ్డలు ఉతికేదెవరు అని అడుగుతారని నాకు తెలుసు. అడగాలి కూడా. దాచడం, ఉతకడం, కుట్టడం, మడతపెట్టడం, అన్నీ ఆడదాని నెత్తినే. పొదుపు పుణ్యం ఇంటిదీ, నడుంనొప్పి ఇల్లాలిదీ! ఈ చిట్కాలన్నీ కూడా అమ్మలకే రాస్తారు, నాన్నలకి ఒక్కటీ రాయరు. అందుకే నేను చెప్పే పద్ధతిలో కుట్టుపని లేదు, రంగుపని లేదు. ఒక సంచి, ఒక ఫోను, మోసుకెళ్ళడానికి ఒక మనిషి. ఆ మనిషి ఇంటాయన కావచ్చు. గొలుసు బిగించడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇచ్చేటప్పుడు ఒక్క మర్యాద పాటించండి. బొత్తాలు ఊడినవీ, పాలమరకలు ఎండినవీ కవర్లో కుక్కి, పనమ్మాయి వెళ్ళిపోతూంటే వెనకనించి "ఇదిగో, పట్టుకెళ్ళు" అని చేతిలో పెట్టకండి. అది ఇవ్వడం కాదు, వదిలించుకోవడం. మీ సొంత చెల్లెలి కూతురికి పంపుతున్నట్టు ఉతికి, బొత్తం కుట్టి, "ఇది మా చిన్నాడిది, నెలల పిల్లలకి సరిపోతుంది, మీ అయ్యాక ఇంకొకరికి ఇవ్వండి" అని చెప్పి ఇవ్వండి. ఆ చివరి మాటే ముఖ్యం. తీసుకున్నావిడ రేపు ఇచ్చే ఆవిడ అవుతుంది. తీసుకున్నప్పటి చిన్నతనం ఆ ఒక్క మాటతో పోతుంది.

మన ఊళ్ళల్లో అంగన్‌వాడీలు ఉన్నాయి. 1975లో మొదలైన పథకం, ఇప్పుడు అవి లేని ఊరు లేదనే చెప్పాలి. ఎవరికి ఎన్నో నెలో, ఎవరింట్లో ఎంతమంది పిల్లలో ఆ టీచరమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆవిడ మీద మళ్ళీ పని రుద్దమనను, ఉన్న రిజిస్టర్లే ఆవిడకి మోయలేనన్ని. ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక బీరువా, ఒక నోటుబుక్కు పెట్టుకుంటే చాలు. ఉయ్యాల ఎవరింట్లో ఉంది, నడకబండి ఎప్పుడు తిరిగొస్తుంది, రెండు ముక్కలు. మా అమ్మమ్మ నోటి మీద నడిపిన లెక్కని కాయితం మీద పెట్టడమే. ఈసారి ఆ కాయితంలో పడవ అతని కోడలి పేరూ ఉండాలి, మా తోటికోడళ్ళ పేర్లూ ఉండాలి, ఒకే వరసలో.

పట్నాల్లో ఉన్నవాళ్ళకి నా మనవి. ఈ ఆదివారం అటక దులపండి. ఆ మనీప్లాంటుని సీసాలోకి మార్చండి, దానికేం కోపం రాదు. ఉయ్యాల సీలలు ఊడదీసి, గోనె చుట్టి, ఊరికి తీసుకెళ్ళండి. 2025 ఆగస్టు నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు కూడా తీసేశారు. కండక్టరు ఉయ్యాలకి టిక్కెట్టు కొడతానంటే కొట్టనివ్వండి. కొవ్వూరు నుంచి పట్టిసీమ దాకా దాని ఛార్జీ నేనిస్తాను.